ఓడెల్ ఉత్తరాలు వచ్చే ఇల్లు

నూట పదిహేడో నంబరు పిలిచేసరికి వర్లీన్ కుర్చీలో కూర్చునే నిద్రపోతోంది. పక్కనున్న ముసలావిడ మోచేత్తో పొడిచింది.

"నీదేనమ్మా, లే! వీళ్లు రెండోసారి పిలవరు."

ఇళ్ల ఆఫీసు వాళ్లు రెండుంబావుకి రమ్మని ఉత్తరం రాసి మూడున్నరకి పిలిచారు. పొద్దున్న ఏడింటి నుంచి వర్లీన్ వృద్ధాశ్రమం లాండ్రీలో దుప్పట్లు ఉతికి వచ్చింది. గంటకు పద్నాలుగు డాలర్ల అరవై సెంట్లు. రెండు గంటలు ముందు వెళతానంటే సూపర్‌వైజరు "వెళ్లు, కోత పడుద్ది" అన్నాడు. ఆమె ఆలస్యమైతే కోత, వీళ్లు ఆలస్యమైతే ఏమీ లేదు. ఆ మాట అనుకోవడానికి కూడా ఆమెకు ఓపిక లేదు. బ్లీచి తిన్న వేళ్లతో సంచీ పట్టుకుని లోపలికి వెళ్లింది.

బల్ల వెనక మిస్ పెట్‌వే ఉంది. ఇద్దరిదీ ఒకే చర్చి. ఆదివారం పాటల బృందంలో ముందు వరస ఆమెది. అక్కడైతే 'సిస్టర్ వర్లీన్' అంటుంది. ఇక్కడ కళ్లద్దాలు పెట్టుకుని, "కూర్చోండి మిస్ టబ్స్" అంది.

"మీ ఇంట్లో ఎంతమంది ఉంటున్నారు?"

"ఇద్దరమండీ. నేనూ, నా కూతురు బ్రియెల్."

"మరి ఓడెల్ టబ్స్ ఎవరు?"

ఎవరో మిస్ పెట్‌వేకి తెలుసు. మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక, కోడికూర, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె పెట్టి, పైన వెండికాగితం కప్పి, ప్లేటు అతని చేతికిచ్చింది ఆవిడే. అయినా అడగాలి, ఫారంలో ఆ గడి ఉంది.

"మా అన్నండీ," అంది వర్లీన్.

ఈ గొడవంతా ఫ్రిజ్ తలుపు దగ్గర మొదలైంది. ప్రభుత్వం అద్దెలో వాటా కట్టే ఇంటిని ఏడాదికోసారి తనిఖీ చేస్తారు. పోయిన నెల ఒక కుర్రాడు వచ్చి పొగ వస్తే మోగే గంట నొక్కి చూశాడు, కుళాయిలు తిప్పాడు, కిటికీలు ఎత్తాడు. అన్నీ బాగున్నాయన్నాడు. ఆ సంతోషంలో వర్లీన్ ఒక కేకు ముక్క కోసి పెట్టింది. అతను తింటూ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టిన ఉత్తరాలు చూసి, ఎవరివని అడిగాడు.

"మా అన్న బబ్బావి బాబూ. వాడికి ఇల్లెక్కడ ఏడిసింది! ఉత్తరాలన్నీ నా ఇంటికే," అని నవ్వుతూ చెప్పింది.

అతను కేకు తిని, చెయ్యి తుడుచుకుని, రాసుకుని వెళ్లాడు. యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అన్నారా!

అందులో దాచాల్సింది ఏముందో ఆమెకు తట్టనే లేదు. ఆ వీధిలో పంచదార అరువిచ్చినట్టే చిరునామా కూడా అరువిస్తారు. ఊళ్లో టైర్ల ఫ్యాక్టరీ మూసేసిన ఏడాది ఆమె తల్లి తపాలా పెట్టెలో ఏడుగురి ఉత్తరాలు వచ్చేవి. లైసెన్సు కావాలన్నా, ఆసుపత్రి చీటీ కావాలన్నా, ఆఖరికి ఓటు వెయ్యాలన్నా ఒక ఇంటి నంబరు చెప్పాలి. "పడుకోడానికి చోటివ్వలేకపోతే ఉత్తరానికన్నా ఇవ్వాలే," అనేది తల్లి. తల్లికి ప్రభుత్వం అద్దెలో వాటా కట్టే వోచరు లేదు కాబట్టి అనగలిగింది.

ఓడెల్ ఆ ఫ్యాక్టరీలోనే పనిచేశాడు. ఇప్పుడు యాభై మూడేళ్లు. షుగరు రెండు మూత్రపిండాలనూ తినేసింది. చర్చి వెనక స్థలంలో పాత కారులో పడుకుంటాడు. సోమ, బుధ, శుక్రవారాలు రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఆసుపత్రికి తీసుకెళ్లే వ్యాను అతని కార్డులో రాసున్న ఇంటి దగ్గరే ఎక్కించుకుంటుంది. చర్చి చిరునామా ఇల్లు కాదని వాళ్లు ఒప్పుకోలేదు. అందుకని అతను పావుతక్కువ ఆరుకల్లా చెల్లెలి మెట్ల మీద కూర్చుంటాడు. లోపలికి రమ్మన్నా రాడు.

నిన్న సోమవారం కూడా వచ్చాడు. వర్లీన్ కాఫీ కప్పు అందిస్తే, "ఆమధ్య ఇల్లంతా చూసిపోయాడే, ఎవడే వాడు? కొంటాడా?" అన్నాడు.

"తనిఖీ వాడు బబ్బా."

"జాగర్తే చెల్లెమ్మా! ఈ మెట్లు కూడా పడకగది కిందే లెక్కేస్తారు. అద్దె పెంచేయగలరు."

తన జోకుకు తనే నవ్వాడు. అతని సంగతి మీద సంతకం పెట్టాలని ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చిందని వర్లీన్ చెప్పలేదు.

మిస్ పెట్‌వే ఒక కాగితం ముందుకు తోసింది. "చదవండి. మీ బాధ్యతలే ఇవి. ఇల్లు పుచ్చుకున్నప్పుడు ఒప్పుకున్నవే. ఇంట్లో పేరున్న వాళ్లే ఉండాలి. చుట్టాలు ఏడాదిలో పద్నాలుగు రోజులు దాటకూడదు. పెద్దవాళ్లు ఎవరైనా మీ చిరునామా వాడితే మీ ఇంట్లో ఉన్నట్టే."

"వాడు మెట్ల మీద కూర్చుంటాడండీ."

"మూడు నెలల వ్యాను చిట్టా తెప్పించాం. ముప్పై తొమ్మిదిసార్లు మీ ఇంటి నుంచే ఎక్కాడు."

"రెండేళ్ల కిందట వాడి పేరు చేర్చమని నేనే అడిగాను. వాడి మీద పాత పోలీసు కేసుందని మీరే కాదన్నారు."

"కాదన్నాం. అవును."

ఉంచుకోనివ్వరు, ఉన్నాడంటారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కాగితంలో ఆ బాధ్యతల కింద ఉన్న హామీ వర్లీన్ చదివింది. ఓడెల్ ఈ ఇంట్లో నివసించడు, ఇకపై ఈ చిరునామా వాడనివ్వను, అతనికీ వ్యాను కంపెనీకీ ఆసుపత్రికీ పోస్టాఫీసుకూ పది రోజుల్లో నేనే తెలియజేస్తాను. కింద సంతకానికి గీత.

ఆ గీత మీద పేరు రాస్తే ఇల్లు నిలుస్తుంది. తొమ్మిది వందల యాభై అద్దెలో ఆమె కట్టేది మూడు వందల పది. ఆ వోచరు కోసం ఆరేళ్లు వరసలో ఉంది. అంతకుముందు తల్లీకూతుళ్లు ఒక నేలమాళిగలో ఒకే మంచం మీద పడుకున్నారు. ఇప్పుడు బ్రియెల్‌కు తలుపున్న గది ఉంది. పొద్దున్న బడికి వెళుతూ ఆ పిల్ల తలుపు దగ్గర ఆగి, "సంతకం పెట్టెయ్ మమ్మా. మామయ్యకి తెలీదు కదా," అంది. చెప్పి తలదించుకుని వెళ్లిపోయింది. పద్నాలుగేళ్ల పిల్ల, దాన్ని ఏమంటాం?

రాస్తే వ్యాను రాదు. పోయిన చలికాలం మంచుకు ఒక్క శుక్రవారం వ్యాను రాలేదు. సోమవారానికి ఓడెల్ కాళ్లు బూట్లలో పట్టలేదు, ఊపిరి అందలేదు. అంబులెన్సు వాళ్లు ఇంకో పూట ఆలస్యమైతే చేసేదేమీ ఉండేది కాదన్నారు.

వర్లీన్‌కు ఏడుపు రాలేదు. కోపం రావడానికి కూడా కొంత బలం కావాలి, అది దుప్పట్లలోనే అయిపోయింది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని మాత్రం గుర్తొచ్చింది.

మిస్ పెట్‌వే కళ్లద్దాలు తీసి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"సిస్టర్ వర్లీన్, నా మాటిను. సంతకం పెట్టు. వాణ్ణి ఇంకో చిరునామా చూసుకోమను."

"ఎవరిది? మా వీధిలో సగం ఇళ్లు మీ వోచర్లవే. మిగతా సగం ఖాళీవి, తలుపులకు చెక్కలు కొట్టేశారు."

"నాకు మాత్రం జాలి లేదనుకుంటున్నావా? ఆదివారం ప్లేటు కట్టిచ్చింది నేను కాదూ?"

"మీరే. వాడు సగం తిని సగం దాచుకున్నాడు. మిస్ పెట్‌వే చెయ్యి మంచిదన్నాడు."

ఆవిడ కలం మూత తీసి కాగితం పక్కన పెట్టింది. "నీ పిల్లని చూసుకో, బంగారం. ఇది నీ తప్పేం కాదు. రూలు."

వర్లీన్ కలాన్ని చూసింది. ముట్టుకోలేదు.

"ఇది రాస్తే వాడికి చెప్పాల్సింది ఎవరండీ?"

"నువ్వే. అందులో ఉందిగా."

"నేను చెప్పను." ఇన్ని దుప్పట్లు మడతపెట్టానని చెప్పినంత మామూలుగా ఉంది ఆమె గొంతు. "రేపు బుధవారం. పావుతక్కువ ఆరుకి మా మెట్ల మీద ఉంటాడు. మీరే వచ్చి చెప్పండి. ఈ వ్యాను ఇంక రాదు బబ్బా, ఇంటికెళ్లు అని చెప్పండి. మీరంటే వాడికి గౌరవం, వింటాడు."

వెనక గదిలో నూట పద్దెనిమిదో నంబరు పిలిచారు. మిస్ పెట్‌వే కాగితం అంచు సరిచేసింది. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని, సొరుగులోంచి ఇంకో కాగితం తీసింది. ఒప్పుకోని వాళ్లకూ ఒక ఫారం ఉంది.

"ముప్పై రోజుల్లో వోచరు రద్దవుతుంది మిస్ టబ్స్. విచారణ కావాలంటే పది రోజుల్లోపు అర్జీ పెట్టుకోవాలి. ఇది అందినట్టు ఇక్కడ పొడి అక్షరాలు వెయ్యండి. రెండక్షరాలు చాలు."

వర్లీన్ కలం అందుకుంది. తొందరపడకుండా, ఒక్కో అక్షరమూ విడిగా, పేరంతా రాసింది. దాని కింద, ఎవరూ అడగకపోయినా, ఓడెల్ వ్యాను ఎక్కే ఇంటి నంబరూ వీధి పేరూ రాసి, కాగితం ఆవిడ వైపు తిప్పి ముందుకు జరిపింది.

మిస్ పెట్‌వే దాన్ని తీసుకోలేదు.