నలభై ఒకటో పుటలో ఒక అబద్ధం

నేను ఒక గుడి పుస్తకాన్ని. కొబ్బరికాయ కొట్టే గుడి కాదు. గంట మోగగానే చెప్పులు బయట విడిచి, ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చునే పాలమూరు జిల్లా మిషను గుడి. ఎవరు బాప్తిస్మం పొందారు, ఎవరికి ఎవరితో పెళ్లయింది, ఎవరిని మన్నులో పెట్టారు, అన్నీ నాలోనే రాసేవారు. తమ పుట్టినరోజు తమకే గుర్తులేని మనుషుల మధ్య అందరి పుట్టినరోజులూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ సంగతి నాకు కొంచెం తలకెక్కిన మాట నిజమే.

నన్ను కుట్టింది హైదరాబాదులో జిల్దులు కట్టే ఒక ముసలాయన. మైదా ఉడికించి, అందులో మైలుతుత్తం కలిపి, ఆ జిగురుతో నా వీపు అంటించాడు. "ఇక నీ జోలికి చెద రాదు పో" అని నా అట్ట మీద ఒక్క చరుపు చరిచాడు. ఆయన మాట పొల్లుపోలేదు. ఈనాటికీ నన్ను ఒక్క పురుగు ముట్టలేదు. నాకు జరిగిన చెరుపంతా మనుషుల వల్ల జరిగిందే, అదీ మంచి మనుషుల వల్ల.

అరవై ఒకటిలో నేను పాస్టరు దానియేలయ్య గారి బల్ల మీదికి చేరాను. కళ్లద్దాల కాడ విరిగితే దారం కట్టుకుని అవే పెట్టుకునే మనిషి. సిరా బిళ్లలు నీళ్లలో కలిపి, పాళీ ముంచి, గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. నా మొదటి పుటల్లో బాప్తిస్మాలు. వెనక పుటల్లో ఒక్కో సంఘస్థుడికి ఒక్కో పుట. ఏడాదికో వరస, వరసకు పన్నెండు గళ్లు. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్లకు వచ్చి రొట్టె తీసుకున్నవాళ్ల గడిలో ఒక టిక్కు. రానివాళ్ల గడి ఖాళీ. ఖాళీలు ఎక్కువైతే అయ్యగారు సైకిలెక్కి వాళ్ల ఇంటికి వెళ్లేవాడు. అయిదేళ్లపాటు నాలో నిజం తప్ప మరొకటి పడలేదు.

అరవై ఆరులో కరువు వచ్చింది. చెలిమెకుంట నుంచి మార్తమ్మ వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయేమో. ఆమె పెనిమిటి బాలయ్య బావి తవ్వుతుంటే గట్టు కూలి అందులోనే పోయాడు. చంకలో రెండేళ్ల పిల్ల. ఆ పిల్ల ఏడవడం కూడా మానేసింది. నేను బల్ల మీద తెరిచే ఉన్నాను.

"అయ్యగారూ, పిల్లను మిషను బోర్డింగుల పెట్టుకోండ్రి" అంది.

"తల్లి ఉన్న పిల్లను పెట్టుకోరు మార్తమ్మా. తల్లీ తండ్రీ లేనోళ్లకే జాగ. దొరలు పెట్టిన రూలు."

"తండ్రి లేడు గదా."

"తల్లి ఉన్నవు గదా."

మార్తమ్మ కాసేపు పిల్ల ముఖం చూసింది. "అయితే నన్ను సచ్చినట్టు రాయుండ్రి" అంది.

అయ్యగారు పాళీ కింద పెట్టేశాడు. "అబద్ధం రాయమంటవా? దీన్ల?"

"పిల్ల సచ్చినంక నిజం రాస్తరా అయ్యగారూ?"

అయ్యగారు గిన్నెలో నీళ్లు తెప్పించాడు. పిల్లకు బాప్తిస్మమిచ్చి, నలభై ఒకటో పుటలో రాశాడు. సంఖ్య 212. పేరు తబిత. తండ్రి బాలయ్య, మృతి. తల్లి మార్తమ్మ, మృతి. ఊరు చెలిమెకుంట. ఆఖరి 'మృతి' దగ్గర పాళీ ఆగి, సిరా కొంచెం ముద్దగా పడింది. ఇప్పటికీ చూడొచ్చు.

మార్తమ్మ తన ఊళ్లో పిల్ల కరువుకు చచ్చిపోయిందని చెప్పుకుంది. ఆ ఊరి వాళ్లెవరైనా నోరు జారితే బోర్డింగు వాళ్లు పిల్లను వెనక్కి పంపేస్తారని ఆమె భయం. అలా ఇక్కడ తల్లి చచ్చిపోయింది, అక్కడ బిడ్డ చచ్చిపోయింది, ఇద్దరూ మాత్రం నెలకొకసారి ఒకే గుడిలో కూర్చున్నారు. బోర్డింగు పిల్లలకు ముందు చాపలు. మార్తమ్మ అందరికన్నా వెనక, గోడవారగా కూర్చునేది. తబిత ఎప్పుడైనా వెనక్కి తిరిగి చూస్తే ఈమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకునేది. రొట్టె తీసుకుని వెళ్తూ ఆ చాప పక్కనుంచే నడిచేది, కానీ ఆగేది కాదు. నూట పన్నెండో పుట ఆమెది. అక్కడ అయ్యగారు ఆమెను చంపలేకపోయాడు. ప్రతి నెలా టిక్కు పెట్టాడు.

రెండేళ్లకు పిల్ల ఒళ్లు చేసింది, పాటలు నేర్చింది. మిషను ఆసుపత్రిలో పనిచేసే నర్సు దొరసానికి, ఆమె భర్తకు పిల్లల్లేరు. వాళ్లు కాన్సాస్ రాష్ట్రంలోని తమ ఊరికి తిరిగి పోతూ తబితను పెంచుకుంటామన్నారు. "ఈ పిల్లకు నా అనేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అయ్యగారిని అడిగారు. ఆయన నన్ను తెరిచి, నలభై ఒకటో పుట తీసి, వాళ్ల ముందుకు జరిపాడు. అబద్ధం ఆయన నోటితో చెప్పలేదు, నా చేత చెప్పించాడు. ఆయన మీద నాకు కోపం ఉంది. తన మీద ఆయనకున్నంత లేదు.

పిల్లను తీసుకుపోతామంటున్నారని ఆయన మార్తమ్మను పిలిపించి చెప్పాడు. ఆమె అడిగింది ఒకటే.

"ఆడ తిండికి కొదవ లేదా?"

"లేదు."

"ఎంత దూరం?"

"సముద్రాలు దాటాలె. విమానంల పోవాలె."

"నడుసుకుంట పోయే తొవ్వ లేదా?"

"లేదు మార్తమ్మా."

"అయితే పోనియ్యుండ్రి" అని లేచింది. గడప దాటి నాలుగడుగులు వేసి మళ్లీ వచ్చింది. "పిల్లకు సద్ద రొట్టె పడదు, జొన్నదైతే తింటది. జెప్పుండ్రి వాళ్లకు" అంది. కాన్సాస్‌లో జొన్నరొట్టె ఎవరు కాలుస్తారని అయ్యగారు అనలేదు. చెప్తానన్నాడు.

అది అరవై ఎనిమిది జూలై. ఆ నెల మొదటి ఆదివారం మార్తమ్మ గడి ఖాళీగా ఉండిపోయింది. తర్వాతి నెల వచ్చి, అయ్యగారు అడగకముందే చెప్పింది: "రైలు టేసను దాకా పోయిన అయ్యగారూ. దగ్గరికి పోలే. చింతచెట్టు కాడికెల్లి చూసిన. ఎర్రగౌను ఏసిండ్రు." ఆ తర్వాత జ్వరమొచ్చినా వానొచ్చినా ఆమె గడి ఖాళీగా లేదు. ముందు చాపల మీద ఇప్పుడు వేరే పిల్లలు. ఆమె మాత్రం అదే గోడవారగా కూర్చునేది.

ఎనభై నాలుగులో అయ్యగారు పని విరమించాడు. తాళాలు అప్పగించే ముందు నన్ను ఒక్కదాన్నే దగ్గరికి లాక్కుని, నూట పన్నెండో పుటలో, మార్తమ్మ పేరు కింద పెన్సిలుతో సన్నగా రాశాడు: "ఈమె బ్రతికియున్నది. తబిత తల్లి. 41వ పుట చూడవలెను. దేవుడు నన్ను క్షమించుగాక." మనిషి భయం చూడండి. నలభై ఒకటో పుట ఏటా తనిఖీకి వచ్చేవాళ్లు తెరిచేది, నూట పన్నెండు ఎవరూ తెరవరు. అందుకని నిజాన్ని ఎవరూ రాని చోట పెట్టాడు. నూట పన్నెండుకు వచ్చినవాడికి నలభై ఒకటికి దారి ఉంది. నలభై ఒకటికి వచ్చినవాడికి నూట పన్నెండుకు దారి లేదు.

తొంభై ఒకటిలో మిషను పండుగకు ఒక పాత దొర మనవడు వచ్చాడు. అప్పటికి నా గళ్లన్నీ నిండాయి. "ఇక్కడే ఉంటే చెదలు పడతాయి, మా గుడిలో భద్రంగా ఉంచుతాం" అని నన్ను పెట్టెలో పెట్టుకున్నాడు. కొత్త పాస్టరు బీరువాలో చోటు కలిసొచ్చిందని సంతోషించాడు. మైలుతుత్తం సంగతి ఎవరినీ అడగలేదు. చెదలు తినని నన్ను చెదలకు భయపడి, నన్ను చదవగలిగినవాడు ఒక్కడూ లేని ఊరికి తీసుకుపోయారు.

కాన్సాస్‌లో గోధుమ చేల మధ్య ఇటుకల గుడి. దాని కింద నేలగదిలో పాత పుస్తకాలు. నా పక్కన జర్మను భాషవి, స్వీడను భాషవి. వాటికి చుట్టాలు వచ్చేవాళ్లు. మూడు వందల మైళ్లు కారు నడుపుకుంటూ వచ్చి, ముత్తాత ఏ ఏడు ఏ ఓడ దిగాడో, ఎవరి చేత బాప్తిస్మం తీసుకున్నాడో వెతికి రాసుకునేవాళ్లు. పేరు దొరికితే కళ్లు తుడుచుకునేవాళ్లు. అదే ముత్తాత మునిమనవడు పక్క ఊళ్లోనే ఉన్నాడట, పలకరించి పదేళ్లయిందట. మనుషులకు చచ్చినవాళ్ల మీద ఉన్న ప్రేమ నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఆ గది చూసుకునేది హిల్డా అనే ఆవిడ. చాలా కచ్చితం. పెన్ను గుమ్మం బయటే ఇచ్చెయ్యాలి, లోపల పెన్సిలు మాత్రమే. పాత పుస్తకంలో చుక్క పెట్టినా ఊరుకోదు.

తొంభై ఆరులో తబిత వచ్చింది.

ముప్పై రెండేళ్లు. నల్లటి ముఖం, మార్తమ్మ నుదురు. పెంచిన తల్లి పోతే ఆమె బైబిలులో ఒక చీటీ దొరికిందట, మా గుడి పేరు, 212 అనే అంకె. అంకెలు ఇంగ్లీషువి కాబట్టి హిల్డా వెంటనే పట్టుకుంది. నా నలభై ఒకటో పుటకు నకలు తీశారు. విశ్వవిద్యాలయంలో చదువుకునే ఒక తెలుగు కుర్రవాడు ఆ ఒక్క కాగితాన్ని చదివి పెట్టాడు. వారం తర్వాత ఆమె మళ్లీ వచ్చి హిల్డాకు చెప్పింది.

"అమ్మ పేరు మార్తమ్మ. నేను పసిపిల్లగా ఉన్నప్పుడే పోయిందట. నన్ను ఎందుకు వదిలేసిందా అని ఇన్నాళ్లూ ఆమె మీద కోపంగా ఉండేదాన్ని. పాపం, పోయింది."

ఆ పుట మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు కూర్చుంది. ఇంకో డెబ్బై ఒక్క పుటలు తిప్పు తల్లీ, తిప్పు, అని నా అట్టలు పగిలేలా అరవాలనిపించింది. పుస్తకానికి నోరుంటే పుస్తకం ఎందుకవుతుంది? ఆమె నన్ను మెల్లగా మూసి, థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది. హిల్డా ఆ పేర్లను ఇంగ్లీషులో ఒక అట్టముక్క మీద రాసి నా నలభై ఒకటో పుటలో పెట్టింది.

ఆ తర్వాత పంతొమ్మిదేళ్లు నన్నెవరూ తెరవలేదు.

రెండు వేల పదిహేనులో ప్రమీల అనే నర్సు వచ్చింది. పాలమూరు పిల్ల, కాన్సాస్‌లోనే ఒక ఆసుపత్రిలో పని. వాళ్ల నాయనమ్మ పేరు నాలో ఉందేమోనని వచ్చింది. తెలుగు అక్షరాలు చూసిన సంబరంలో వెనక సంఘస్థుల పుటలు ఒక్కోటీ తిప్పుతూ పేర్లన్నీ పైకి చదవసాగింది. ఎన్నేళ్లయిందో నా పేర్లు ఒక గొంతులో విని. హిల్డాకు అప్పటికి ఎనభై దాటాయి. కుర్చీలో కునుకుతున్న మనిషి "మార్తమ్మ, చెలిమెకుంట" అనగానే కళ్లు తెరిచింది.

"మళ్లీ చదువు" అంది. లేచి వచ్చి నలభై ఒకటో పుటలోని అట్టముక్క తీసి చూపించింది.

ప్రమీల నలభై ఒకటి చదివింది. నూట పన్నెండు చదివింది. పెన్సిలు రాత చదవడానికి పుటను దీపం కిందికి జరిపింది. "ఆ పుటలో చచ్చిపోయినామె ఈ పుటలో ఇరవై అయిదేళ్లు బల్లకు వచ్చింది" అంది. హిల్డా ఫోను చేసింది. రెండు గంటల్లో తబిత వచ్చింది, తల సగం నెరిసిపోయి, కోటు గుండీలు తప్పుగా పెట్టుకుని.

ప్రమీల ఆమెకు అంతా చెప్పి, పాలమూరులోని తన చిన్నమ్మకు ఫోను కలిపింది. మాటలు అందరికీ వినబడుతున్నాయి.

"చెలిమెకుంట మార్తమ్మనా? పోయి ఆరేండ్లాయె బిడ్డా, వానకాలంల."

"ఆమెకు పిల్లలెవరన్న ఉండెనా చిన్నమ్మా?"

"యాడియి? ఒక్క ఆడపిల్ల పుట్టి కరువుల సచ్చిపోయిందని చెప్తుండె. దిక్కులేని మనిషి. సంఘపోళ్లమే మన్ను వెట్టినం. ఎందుకడుగుతున్నవ్?"

ప్రమీల తర్వాత మాట్లాడతానని పెట్టేసింది. ఆ మాటలు తబితకు ఇంగ్లీషులో చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. తబిత తొంభై ఆరులో ఈ కుర్చీలోనే కూర్చుంది. అప్పటికి మార్తమ్మ బతికే ఉంది. ఆ తర్వాత కూడా పదమూడేళ్లు బతికింది. అది లెక్క వేసుకున్నప్పుడు తబిత నోటి నుంచి వచ్చిన చప్పుడు నేను మళ్లీ వినకూడదు.

తర్వాత ఆమె నూట పన్నెండో పుట ముందుకు లాక్కుని, టిక్కుల మీద వేలు పెట్టి వరసవరసా నడిపింది. ఒకచోట వేలు ఆగింది.

"మధ్యలో ఈ ఒక్క గడి ఎందుకు ఖాళీ?"

ప్రమీల పైన ఏడు, నెల చూసి చెప్పింది. "అరవై ఎనిమిది, జూలై."

"నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది ఆ నెలలోనే" అంది తబిత. చింతచెట్టు సంగతి, ఎర్రగౌను సంగతి, జొన్నరొట్టె సంగతి నాకు తెలుసు. నాలో రాయలేదు కాబట్టి అవి ఆమెకు ఎప్పటికీ తెలియవు.

"ఆ తప్పును కొట్టెయ్యాలి. మా అమ్మ అప్పుడు చావలేదు" అంది చివరికి.

హిల్డా గుమ్మం బయటికి వెళ్లి పెన్ను తెచ్చింది. నలభై ఏళ్లుగా ఎవరినీ పెన్ను తేనివ్వని మనిషి దాన్ని తబిత చేతిలో పెట్టి, అరల వైపు తిరిగి నిలబడింది. ప్రమీల నలభై ఒకటో పుట తీసి, సిరా ముద్దకట్టిన ఆ చిన్న మాటను వేలితో చూపించింది.

తబిత పెన్ను ఆనించబోయి ఆగింది. "సరిగ్గా ఏమని ఉంది ఇక్కడ?"

"తల్లి మార్తమ్మ. పోయింది, అని."

తబిత పెన్ను మూత పెట్టేసింది.

"ఇప్పుడు నిజమే కదా" అంది.

నన్ను మూసి, తిరిగి అరలో పెట్టారు.