పన్నెండు మాటల బొంత

అత్త జీవమ్మ పాతచీరను నాలుగు మడతలు పరిచి నిస్సీ బొంతకు మొదటి కుట్టు వేసిందో లేదో, వాకిట్లో మొగుడి ఫోను టింగుమంది. ఓర్వకల్లులో ఆ మోత ఎరగని కోడి లేదు. మెసేజి చదివే ముందు ఏసుకుమార్ దండోరా వేసేవాడిలా గొంతు సవరించుకుంటాడు. "అమ్మా, నీ కోడలి ఖాతాలో పన్నెండు నూర్లు పడిండాయి. మన ఇంటి మేనేజరమ్మకు టీ ఇయ్యి." పక్కవీధిలో పళ్లు తోముకునేవాడు కూడా నోట్లో నీళ్లు ఊసేసి మరీ వింటాడు. ఎవరి సంపాదన గురించి ఊరు వింటోందో ఆ మనిషికి మాత్రం అన్నిటికన్నా ఆఖరున తెలుస్తుంది.

పొదుపు సంఘం రోజుల్లో ఖాతా తెరిచినప్పుడు నిస్సీకి ఫోను లేదు. మొగుడి నంబరు రాయించింది. పిల్లలు పుట్టి బడికి పోతున్నారు, ఆమె చేతికీ ఒక ఫోను వచ్చింది, ఆ నంబరు మాత్రం కదల్లేదు. కార్డు కూడా ఆయన పర్సులోనే. తెల్లారకముందే లేచి, నీళ్లు పట్టి, జొన్నరొట్టెలు కొట్టి, మధ్యాహ్నం మిగిలిన రెండు గంటల్లో ఆమె కుట్టిన బొంతలన్నీ ఆయన బండికి టైర్లుగా, స్నేహితులకు బిరియానీగా మారిపోయేవి. ఈమధ్య సూదిలో దారం ఎక్కడంలేదు, కంటికి అద్దాలు కావాలంటే, "అద్దాలు పెట్టుకోని యాడ పాఠాలు చెప్పబోతాండావు?" అని అత్త నవ్వింది.

బెంగళూరులో ఆ బొంతలు అమ్మిపెట్టే నందికొట్కూరు పిల్ల తనూజకు ఈ సంగతి తెలిసి జాలేసింది. "మనం మాట్లాడుకునే చాటింగులోనే పంపిస్తా అక్కా, ఫొటో పంపినట్టే. క్రిప్టో అంటారు, కంటికి కనపడని నాణేలు. బ్యాంకు నడమ రాదు, మెసేజి రాదు. నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలీదు."

ఆ తర్వాత నెలరోజులు నిస్సీ కాళ్లు నేలకు ఆనలేదు. సాయంత్రం బెంగళూరు విమానం ఊరి పక్క ఎయిర్‌పోర్టుకు రాళ్లగుట్టల మీదుగా దిగుతుంటే, తన నాణేలన్నీ దాని రెక్క కింద నక్కి వస్తున్నాయనుకునేది. చూస్తూ ఉండగానే గుట్టలు మెత్తబడి, బొంతల్లా మడతలు పడేవి. ఊరంతా ఎవరో దూది కప్పినట్టు సద్దుమణిగేది. ఆ దూదిలోకి ఆమె దుడ్లు చప్పుడు లేకుండా, మబ్బులో మబ్బు కలిసినట్టు వచ్చి చేరేవి. మొగుడేమో ఫోనును తొడకేసి తట్టి చూసుకునేవాడు. బొంతలు పోతున్నాయి, దుడ్లు రావేమని అడిగితే, రేపోమాపో వస్తాయని చెప్పేది. చెప్పిన ప్రతిసారీ కుట్టు వంకరపోయేది.

ఆ నాణేలు ఫోనులో ఒక పెట్టెలో ఉంటాయి, దానికి తాళంచెవి పన్నెండు ఇంగ్లీషు మాటలు. అవి మరిచిపోతే ఇక అంతేనంట. బ్యాంకులో అయితే పాసుబుక్కు పోయినా కౌంటరు ముందు నిలబడి ఏడిస్తే ఇంకోటి ఇస్తారు, ఇక్కడ ఏడ్వడానికి మనిషే లేడు. కాగితం మీద రాద్దామా అంటే ఆ ఇంట్లో కాగితమనేది పొయ్యి రాజేయడానికే పుట్టింది. అందుకని పదో తరగతి ఇంగ్లీషునంతా కూడగట్టి, ఒక బొంత అంచున నల్లదారంతో పన్నెండు మాటలూ కుట్టింది. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన ఏసుకుమార్ సరిగ్గా దానిమీదే వాలాడు. "టైగర్, లెమన్, రివర్... ఏందిమే ఇది, సర్కసా?" బెంగళూరులో అదే డిజైను అడుగుతున్నారని చెప్పింది. అతను గుట్టలు అదిరేలా గురకపెట్టాడు. తన కష్టమంతా అతని వీపు కింద నలుగుతుంటే, నిస్సీ గడపలో కూర్చుని, అతను లేచేలోగా ఆ మాటల్ని వరసగా నోటికి పట్టేసింది. లేచాక కుట్లు విప్పేసింది.

అద్దాలకు సరిపడా జమయ్యాక తనూజకు ఫోన్ చేసింది, ఎలా తీసుకోవాలని.

"కర్నూల్లో అద్దాల అంగడాయప్ప ఆ నాణెం తీసుకోడక్కా. రూపాయలు చేయాల. చేస్తే మళ్లా నీ ఖాతాకే పోవాల."

"పోతే?"

"మెసేజి పోతాది."

గుట్టలు దాటి, మబ్బుల్లో తేలి, చివరికి ఆ దుడ్లు ఆయన జేబులోనే మోగాలన్నమాట. ఎవరికైనా నాణేలిచ్చి చేతికి నోట్లు తెప్పించుకునే ఉపాయం కూడా ఉందని తనూజ చెబుతోంది. నిస్సీ వినడంలేదు. దొంగిలించినవాళ్లు కదా దాచుకునేది, నేనేం దొంగిలించాను? నడుము వంచి కుట్టిన దానికి నేనెందుకు పిల్లిలా నడవాలి? ఇన్నాళ్లూ దుడ్లు వచ్చే దారి మార్చాలని చూశాను. మారాల్సింది ఒక కాగితం మీద పది అంకెలు.

మరునాడు పాసుబుక్కు, ఆధార్ పట్టుకుని బ్యాంకులో నిలబడింది. కౌంటరులో మనిషి ఫారం తీసుకుని, కొత్త నంబరు చెప్పమన్నాడు. నిస్సీ నోరు తెరిచింది. నంబరు నోటికి రాలేదు. గ్యాసు పుస్తకానికీ, రేషనుకూ, పిల్లల బడికీ ఇన్నేళ్లూ చెప్పింది మొగుడి నంబరే. పన్నెండు పరాయి మాటలు తడుముకోకుండా చెప్పగలదు. తనను పిలవాలంటే ఏ అంకెలు నొక్కాలో తనకే తెలియదు.

వెనక నిలబడ్డ నాగలక్ష్మమ్మ అనే పెద్దామె, "నాకు ఒక మిస్‌డ్ కాల్ ఇయ్యి పాపా," అని తన నంబరు చెప్పింది. ఆమె ఫోను మోగింది. కళ్లు చికిలించి, ఒక్కొక్క అంకే పైకి చదివింది. నిస్సీ ఒక్కొక్కటే తిరిగి పలుకుతూ ఫారంలో రాసింది.

"ఇంట్లో చెప్పినావామ్మా?" అన్నాడు కౌంటరు మనిషి, ముద్ర పైకెత్తి పట్టుకుని.

"ఇప్పుడు పోయి చెప్తానన్నా. దాచిపెట్టాలనుకోనుంటే, ఈడికి వచ్చేదాన్నే కాదు."