ఒక కత్తి, రెండు వందల గడ్డాలు

ఆ చిప్పలో నీళ్ళ రంగు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. ఆదివారం పొద్దున ఏడింటికి మంగలి పైడిరాజు కొళాయి దగ్గర పట్టినప్పుడు అవి నీళ్ళే. పదో మనిషి లేచేసరికి బూడిద రంగుకు తిరిగేవి. ముప్పయ్యో మనిషి కూర్చునేసరికి పైన సబ్బు తెట్టె, తెట్టెలో తెగిన వెంట్రుకలు, అక్కడక్కడ ఎర్రటి చార. ఆ నీళ్ళే చెంపలకు రాయించుకుని, గడ్డం ముందుకు చాచి, కళ్ళు మూసుకుని కూర్చున్నవాణ్ణి నేను. నాకు ముందు లేచినవాడి దవడ నిండా చీము పొక్కులు. వాటిని గీకిన కత్తి, తుడిచిన తుండు, చివర రుద్దిన పటిక ముక్క, మూడూ నా ముఖం మీదికే వచ్చాయి. లేచి తల దులుపుకుని, శుభ్రమయ్యానని ఇంటికి నడిచాను. తలుచుకుంటే నాకిప్పటికీ వాంతి వచ్చినట్టుంటుంది.

ఇది మలయాలో, బటాంగ్ బెర్జుంటై వైపు ఒక రబ్బరు తోటలో జరిగింది. కమ్యూనిస్టులను అణచడానికి తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. మెర్డేకా, అంటే స్వాతంత్ర్యం, ఇంకో ఏడాదిలో వచ్చేస్తుందని పత్రికలు రాస్తున్న కాలం. యూనియన్ ఆఫీసుకు వచ్చే కుర్రాళ్ళూ, చదువుకుంటున్న పిల్లలూ నన్ను అడుగుతుంటారు, మీ తోటలో మొదటి సమ్మె దేనికోసం చేశారని. కూలి పెంచమని అనుకుంటారు. వేణ్ణీళ్ళ కోసం అంటే నవ్వుతారు. నవ్వండి, కానీ ముందు వినండి.

పైడిరాజు మా తోట మంగలి. కుర్రతనంలో జార్జ్ టౌన్‌లో ఒక సెలూన్‌లో పనిచేశాడు. అక్కడ ఒక మనిషి లేవగానే కత్తి మరిగే నీళ్ళలో పడేదట, తుండు మారేదట. మా దగ్గరికి వచ్చినప్పుడు అతని పెట్టెలో ఐదు కత్తులుండేవి. ఆ సమ్మెకు నాలుగేళ్ళ ముందు, ఎమర్జెన్సీలో, మా లైన్ల చుట్టూ, అంటే కూలీల ఇళ్ళ వరుసల చుట్టూ, ముళ్ళకంచె వేశారు. తోట నడిపే తెల్లదొర ఆ ఐదు కత్తులూ లాక్కుని ఆఫీసు బీరువాలో పెట్టించాడు. పదునున్న ఇనుము అడవిలో దాక్కున్న కమ్యూనిస్టుల చేతికి పోతుందట. రోజూ పొద్దున్నే మా రెండు వందలమంది చేతుల్లో రబ్బరు కోసే కత్తులుండేవి. అవి దొరకు పాలు తెస్తాయి కాబట్టి ఆయుధాలు కావు. మా గడ్డం గీసే కత్తి మాత్రం ఆయుధం!

ఆదివారం ఏడింటికి ఆఫీసు ఒక కత్తి ఇచ్చేది, పన్నెండింటికి తిరిగి తీసుకునేది. ఈ వారం సగం మంది, వచ్చే వారం సగం మంది. మనిషికి మూడు నిమిషాలు. మంగలి పాక కంచె పక్కనే ఉండేది, అక్కడ పొయ్యి వెలిగించకూడదన్నారు. వెలిగిస్తే అడవిలో వాళ్ళకు అన్నం వండుతున్నట్టేనట. కూలీలను నడిపే కంగాణి కాంతయ్య, లెక్కలు రాసే ఆఫీసు కిరాణి మాత్రం మొదట కూర్చునేవాళ్ళు, కొత్త నీళ్ళతో, ఉతికిన తుండుతో. వాళ్ళ ముఖాలు నున్నగా ఉండేవి. మా ముఖాలు కుళ్ళిపోయేవి. తోట ఆసుపత్రి డ్రస్సర్ అందరికీ ఒకే ఊదారంగు మందు పూసేవాడు. పెరట్టుకు, అంటే తెల్లవారుజామున హాజరుకు, వరుసలో నిలబడితే సగం మంది ఊదా బుగ్గలతో గంగిరెద్దుల్లా ఉండేవాళ్ళం.

మా తప్పు కూడా చెబుతాను. మేము పుళ్ళకు ఆఫీసును తిట్టలేదు, పైడిరాజు చెయ్యి మంచిది కాదని తిట్టాం. గడ్డం గీయించుకున్నాక తలమీద నీళ్ళు పోసుకుని గానీ గుమ్మం తొక్కేవాళ్ళం కాదు. చీము అంటుకుందని కాదు, మంగలి ముట్టుకున్నాడని. అతనికి మంచినీళ్ళు కొబ్బరి చిప్పలో పోసేవాళ్ళం. గడ్డం చిప్పలోని కుళ్ళును ముఖానికి రాయించుకున్నవాళ్ళం, అతన్ని అంటరానివాడన్నాం. సిగ్గులేని జన్మలు మావి.

మా లైన్లో మరిడమ్మ అనే ముసలామె ఉండేది. అంతకుముందు ఏడు మారియమ్మ ఉత్సవానికి ఆమె పెద్ద మనవడికి పుట్టు వెంట్రుకలు తీయించారు. నడినెత్తిన చిన్న గాటు పడింది. మూడో రోజుకు తల వాచింది, ఎనిమిదో రోజుకు పిల్లవాడు పోయాడు. డ్రస్సర్ పుస్తకంలో జ్వరం అని రాశాడు. మొక్కు ఆలస్యమైందని, అమ్మోరు కోపగించిందని లైన్లన్నీ అనుకున్నాయి. మరిడమ్మ అదే నమ్మింది. ఈ ఏడు రెండో మనవడి మొక్కు సరిగ్గా తీర్చాలని, ఉత్సవం ఇంకా ఆరు వారాలుండగానే, ఆదివారం నాడు పాక దగ్గరికి తాంబూలం పట్టుకుని వచ్చింది. చంకలో పిల్లవాడు. పుట్టు వెంట్రుకలకు మంగలికి ముందుగా తాంబూలం ఇచ్చి చెప్పుకోవడం మా ఆనవాయితీ.

అప్పుడు వరుసలో వందమంది ఉన్నాం. కంచె పడ్డాక ఐదుగురు కూడినా పోలీసులు విజిలేసేవాళ్ళు. మంగలి పాక దగ్గర వరుస ఒక్కటే వాళ్ళు చూసీ చూడనట్టు వదిలేసే గుంపు.

పైడిరాజు తాంబూలం వైపు చూశాడు, చెయ్యి చాపలేదు.

"ఇది నాను పుచ్చుకోనమ్మా," అన్నాడు.

"ఏటి, తక్కువైనాదా?"

"తక్కువ కాదు. నీ పెద్ద మనవణ్ణి అమ్మోరు తీసుకెల్లనేదు. నా కత్తి తీసుకెల్లినాది. ఆ పొద్దు ఆరుగురి పుల్లు గీసినాను. కడగడానికి వేన్నీల్లు నేవు. అదే కత్తి ఆ బాబు తలమీద ఎట్టినాను, గాటు పడినాది. నాకు తెలుసు. తెలిసి ఇన్నాల్లూ నోరు మూసుకున్నాను."

వరుసలోంచి ఇద్దరు దూకి అతని మెడ పట్టుకున్నారు. ఒకడు నేనే. మరిడమ్మ ఏడవలేదు. పిల్లవాడి తల తన పైటలో దాచుకుంది. నా వైపు తిరిగింది.

"ఆణ్ణొగ్గెయ్ దాసా. ఆడి కత్తులు ఐదుండీవి. నాలుగు దాసేసినోడెవుడో, పొయ్యి ఒద్దన్నోడెవుడో ఆల్ల మెడ పట్టుకో, సూద్దాం."

నా చేతులు వాటంతట అవే జారిపోయాయి.

అక్కడికక్కడే వరుసలో నిలబడే వాదన మొదలైంది. కొందరు ఆఫీసుకు పోయి అడుగుదామన్నారు. అప్పటికే తన ఇద్దరు కొడుకుల్ని జైలుకు పంపుకున్న అప్పలసామి ముసలాయన వద్దన్నాడు. నలుగురు కలిసి ఆఫీసు మెట్లెక్కితే కమ్యూనిస్టులంటారు, లారీ ఎక్కిస్తారు, మళ్ళీ ఎప్పుడు చూస్తామో తెలియదన్నాడు. అది నిజమే. అప్పటి చట్టానికి సాక్ష్యం అక్కర్లేదు, అనుమానం చాలు.

నాకు మాత్రం ఒక సంగతి తట్టింది. అడగడం నేరమైతే అడగొద్దు. గీయించుకోవడం మానేద్దాం. గడ్డం పెంచుకోకూడదని ఏ చట్టమూ లేదు. కత్తులు బయటికి వచ్చి, నీళ్ళు మరిగేదాకా ఎవడూ ఆ పీట మీద కూర్చోకూడదన్నాను. వందమందీ ఒక్కొక్కరే వరుసలోంచి తప్పుకున్నారు. మరుసటి ఆదివారం మిగతా సగం కూడా పీట ఎక్కలేదు. ఆ మధ్యాహ్నం పైడిరాజు మా ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. నా గ్లాసుతోనే నీళ్ళిచ్చాను. తాగి, గ్లాసు కడగబోయాడు. నేను లాక్కున్నాను.

మొదటి వారం దురద. రెండో వారం భార్యలు నవ్వారు. మూడో వారానికి పొక్కులు ఎండిపోయాయి. ఇది రాసిపెట్టుకోండి. మందు మారలేదు, తిండి మారలేదు, కత్తి తగలకపోవడం ఒక్కటే మారింది. అంతవరకూ పైడిరాజు మాట నమ్మనివాళ్ళు కూడా తమ బుగ్గలు తాము తడుముకుని నమ్మారు.

నాలుగో వారం గేటు దగ్గర చిక్కు వచ్చింది. ఎమర్జెన్సీలో ప్రతివాడికీ ఐసీ ఉండాలి, ఫోటో అంటించిన గుర్తింపు కార్డు. ఫోటోలో మేమంతా నున్నగా ఉన్నాం. గేటు దగ్గర నిలబడింది గడ్డాల గుంపు. పోలీసు ఒక్కొక్కడి ముఖం మీద టార్చి వేసి, కార్డు చూసి, మళ్ళీ ముఖం చూసి, ముక్కు పోల్చి, చెవులు పోల్చి వదిలేవాడు. రబ్బరు పాలు చల్లదనంలోనే కారతాయి. ఎండ ఎక్కితే చెట్టు బిగుసుకుంటుంది. మేము చెట్ల దగ్గరికి చేరేసరికి ఎండ ఎక్కేది. చెట్లకు కట్టిన చిప్పల అడుగు కూడా నిండేది కాదు. నాలుగేళ్ళు మా ముఖాలు కుళ్ళినా అటు చూడని ఆఫీసు, నాలుగు రోజుల్లో మా ముఖాల గురించి సమావేశం పెట్టింది.

కాంతయ్య లైన్లకు వచ్చాడు. మనవాడే, మన తెలుగే. మలయ్ వాళ్ళలా మాట చివర 'లా' తగిలించి బతిమాలాడు, బెదిరించాడు.

"మెర్డేకా రానీండి లా. మన గవర్మెంటు వస్తాది. అప్పుడు అన్నీ అడగొచ్చు."

"మెర్డేకా వచ్చేదాకా నా మనవడి తల ఆగాల కదా," అంది మరిడమ్మ. "ఉత్సవం పదో రోజుకి. ఆ కత్తి ఎట్టనిస్తానా నాను?"

మర్నాడు పెరట్టులో దొరే నిలబడ్డాడు. పక్కన బల్ల, బల్లమీద ఒక కత్తి, ఒక చిప్పలో కొళాయి నీళ్ళు, పాత తుండు. ఫోటోలో ఉన్నట్టు లేనివాడు గేటు దాటడని, అందరికీ ఇక్కడే గీసేస్తారని కాంతయ్య చాటాడు. మొదట నన్నే లాగారు. ఇద్దరు పోలీసులు భుజాలు పట్టి కూర్చోబెట్టారు. పైడిరాజును పిలిచారు.

అతను వచ్చి కత్తి విప్పాడు. పిడి సందులో పాత తెట్టె గట్టిపడి పచ్చగా ఉంది. అందరికీ కనిపించేలా దాన్ని వెలుగులో తిప్పాడు. వేణ్ణీళ్ళు ఇమ్మని నెమ్మదిగా అడిగాడు. కాంతయ్య చిప్ప ముందుకు తోశాడు. పైడిరాజు కత్తి మడిచి దొర ముందు పెట్టాడు.

"ముందు తమరు గీయించుకోండి దొరా. ఈ నీల్లతోనే, ఈ తుండుతోనే. తరవాత ఈల్లకి గీస్తాను."

కాంతయ్య ఆ మాట మలయ్ భాషలోకి మార్చడానికి తడబడ్డాడు. దొరకు మాట అక్కర్లేకపోయింది. కత్తిని చూశాడు. ఎర్రటి చెయ్యి తన చెంప మీదికి పోయింది. ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆ ఒక్క అడుగూ రెండు వందలమందీ చూశాం. అది కుళ్ళని ఆయనకు తెలుసు. నాలుగేళ్ళుగా తెలుసు! తన చర్మానికి కుళ్ళు, మా చర్మానికి శుభ్రం. ఈసారి నా అసహ్యం కత్తి మీద కాదు, మంగలి మీద కాదు.

ఆయుధంతో దొరను బెదిరించాడని పైడిరాజును లారీ ఎక్కించారు. మడిచిన కత్తితో! లారీలో నిలబడి అతను మమ్మల్ని చూడలేదు, మరిడమ్మ చంకలో పిల్లవాణ్ణే చూశాడు. ఆ పసివాడి తలమీద వెంట్రుకలు చెవులదాకా దిగి ఉన్నాయి.

లారీ దుమ్ము అణగకముందే మరిడమ్మ కోవెలలోకి పోయింది. ఉత్సవానికి అన్నం వండే ఇత్తడి గంగాళాన్ని నలుగురు ఆడవాళ్ళతో మోయించుకు వచ్చింది. ఆఫీసు మెట్ల ఎదురుగా మూడు రాళ్ళు పెట్టించింది. లైన్లలోంచి ఇంటికో రబ్బరు కట్టె వచ్చింది. నిప్పు పెట్టారు. పోలీసు పరుగెత్తుకొచ్చి పొయ్యి కూడదన్నాడు.

"కంచె కాడ కూడదన్నారు. ఇది ఆపీసు కాడ," అంది.

అతను గంగాళంలోకి తొంగి చూశాడు. బియ్యం లేవు. ఒట్టి నీళ్ళు. వాటిని ఏ చట్టం కింద పట్టుకోవాలో అతనికి తెలియలేదు.

మేము చుట్టూ కూర్చున్నాం. పెరట్టు తప్పెట కొట్టారు, లేవలేదు. ఎండ ఎక్కింది. ఆ రోజు తోటలో ఒక్క చెట్టుకూ గాటు పడలేదు. మధ్యాహ్నానికి కాంతయ్య ఒక గుడ్డలో చుట్టి ఐదు కత్తులూ తెచ్చాడు. వారానికి రెండు రోజులు ఇస్తారు, పొయ్యికి ఒప్పుకున్నారు, ఇక లేవండి అన్నాడు. పక్క తోటనుంచి వేరే మంగలిని కూడా పిలిపిస్తామన్నాడు.

మరిడమ్మ కత్తులు అందుకుని ఒక్కొక్కటిగా మరిగే నీళ్ళలో వేసింది. కాసేపటికి గోధుమరంగు తెట్టె పైకి తేలింది. అందులో వెంట్రుకలు. అందరం మెడలు చాచి చూశాం. నాలుగేళ్ళుగా మా ముఖాల్లోకి పోయింది అదే. ఎవడో పక్కకు పోయి కక్కాడు. పెద్ద మనవణ్ణి చంపింది కూడా అదేనని మరిడమ్మకు తెలుసు. గరిటెతో దాన్ని తీసి, ఆఫీసు మెట్టు మీద పోసింది.

కాంతయ్య పట్టకారుతో కత్తి తీయబోయాడు.

"ముట్టుకోకు," అంది. "ఏసింది మేము. తీసేది పైడిరాజు. ఆడొచ్చేదాకా మరగనీ."

"ఆడు రేపొస్తాడో, ఏడాదికొస్తాడో ఎవుడికి తెలుసు?"

"అంతకాలమూ మరుగుతాది."

మనవణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని, వాడి జుట్టు వేళ్ళతో దువ్వుతూ, కట్టెలు తగ్గుతున్నాయని నాతో అంది. నేను లేచాను. నాతోపాటు గడ్డాలన్నీ లేచాయి. తప్పెట మళ్ళీ కొట్టారు. మేము కట్టెల కోసం పోయాం.