గొంగడి లేకుంటే

తరిగొప్పుల పక్క పల్లెలో ఉండే సత్తమ్మ, గుట్ట మీది దళానికి ఊరి కబుర్లు చేరవేసేది. దళాన్ని నడిపే పెద్దులు ఆమెకు సొంత మరిది. రజాకార్ల ఆగడాలు మితిమీరిన ఆ యేడు వాళ్లొక గుర్తు పెట్టుకున్నారు. ఊరి చివర ఒంటరిగా ఉండే లచ్చి ఇంటికి దళం వాళ్లు అన్నానికి వచ్చేవారు.

"పోలీసులొస్తే లచ్చి దడి మీద గొంగడేస్తది. గడ్డి కోస్తున్నట్టు చెలకల నిలబడి చూడు వదినె. గొంగడి కనబడితే మమ్ముల దిగొద్దని చెప్పు," అన్నాడు పెద్దులు.

"కనబడకుంటే?"

"కనబడకుంటే ఏమున్నది? వాళ్లు రానట్టే."

సత్తమ్మకు మనసొప్పలేదు. లచ్చికి గొంగడేసే సందే దొరక్కపోతే? అడగబోయింది. ఆకలితో పీక్కుపోయిన మరిది ముఖం చూసి ఆ మాట మింగేసింది.

వాన వెలిసిన ఒక సాయంత్రం దడి బోసిగా ఉంది. లచ్చి ఇంటి మీద పొగ లేస్తోంది. సత్తమ్మ చాలాసేపు చూసి గుట్టెక్కింది.

"గొంగడి లేదు," అంది.

పెద్దులు, సోమయ్య, ఎర్రయ్య దిగి వెళ్లారు. సత్తమ్మ గడ్డిమోపు ఎత్తుకునేలోపే తుపాకులు పేలాయి.

అసలు ఆ రోజు పొద్దున్నే పోలీసులు లచ్చి ఇంట్లో దూరి, నోట్లో గుడ్డలు కుక్కి ఆమెను గుంజకు కట్టేశారు. పొయ్యి రాజేసింది వాళ్లే. ముగ్గురి శవాలనూ బండిలో వేసుకుపోయారు. లచ్చిని చితకబాది, చచ్చిందనుకుని వదిలేశారు.

"ఎయ్యలేకపోతి అక్కా," అని లచ్చి ఏడ్చింది.

"నీ తప్పేమున్నదే? 'ఉంటే' అన్నదానికి జవాబు పెట్టుకున్నం. 'లేకుంటే' అన్నదాన్ని గాలికి ఇడిసినం," అంది సత్తమ్మ.

కొత్త దళంతో వచ్చిన భిక్షపతి పాత గుర్తే ఉంచుదామన్నాడు. సత్తమ్మ ఒప్పుకోలేదు.

"పోలీసులుంటే గొంగడి, లేకుంటే తెల్లపంచె. రెండిట్ల ఒకటి కనబడాలె. ఏదీ కనబడకుంటే ఆకలికి సచ్చినా దిగొద్దు!"

"మరి గుర్తు ఎవలేస్తరక్కా? లచ్చక్క లేవలేకపాయె."

"నేనేస్త."

ఆ వారమే సత్తమ్మ లచ్చి ఇంటికి మారింది. నడింట్లో మరిది నెత్తురు పడ్డచోట ఎర్రమట్టి పోసి, పేడతో అలికింది. మరక కనబడకుండా పోయింది. అయినా ఆ చలికాలమంతా ఆ ఇద్దరు ఆడవాళ్లూ బయట అరుగు మీదే పడుకున్నారు.