కాటమయ్య చేతులు

ఎనిమిదేళ్ళుగా నేను కాటమయ్య మొహం చూడలేదు. చూడకూడదనే చూడలేదు.

మా బ్యాండు పేరు 'కంకర'. నల్లగొండ కాలేజీలో చదివే రోజుల్లో నలుగురం కలిసి పెట్టుకున్న రాక్ బ్యాండు. డ్రమ్ములు నావి. నా భార్య శోభకు జబ్బు చేసినప్పుడు మానేసి ఆమె పక్కన కూర్చున్నాను. పెళ్ళి బ్యాండ్లలో వాయించే కేతేపల్లి కాటమయ్య నా జాగాలోకి వచ్చాడు. శోభ పోయాక నన్ను ఎవరూ తిరిగి రమ్మనలేదు. అతను నాకన్నా బాగా వాయిస్తాడని మాత్రం అందరూ చెప్పారు, అడక్కపోయినా.

నిరుడు నందికొండలో కంకర ముప్ఫై అయిదేళ్ళ పండుగ కచేరీ చేసి, దాన్ని సినిమాగా తీసింది. నేను పోలేదు. కొన్నాళ్ళకు పాటగాడు శివకృష్ణ ఫోన్ చేశాడు.

"రామచంద్రం, నీతోని పనిబడ్డది. కచేరీల డ్రమ్ముల రికార్డింగు ఒక్కటి ఖరాబయింది. బొమ్మ ఉన్నది, సప్పుడు లేదు."

"కాటమయ్యతోనే మళ్ళా కొట్టియ్యి."

"ఆయనకు పక్షవాతమొచ్చింది గదా. కుడి చెయ్యి లేస్తలేదు. ఆయన చేతులు చూసుకుంట నువ్వు కొట్టాలె."

రానని చెప్పాల్సింది. కానీ కాటమయ్య తప్పులు దగ్గర నుంచి చూడొచ్చు కదా అనిపించి ఒప్పుకున్నాను.

హైదరాబాద్ స్టూడియోలో రెండు రోజులు తెర మీద ఆ చేతులనే చూస్తూ వాయించాను. నా నడుము నొప్పి గమనించి అక్కడి రికార్డింగు మనిషి అడక్కుండానే స్టూలు మీద మెత్త వేశాడు. కాటమయ్య చేతుల్లో మాత్రం ఒక్క తప్పూ దొరకలేదు. ఏడో పాట నడుమ ఒక దరువు ఉంది. గట్టిగా పది సెకన్లుండదు. పదకొండుసార్లు ప్రయత్నించినా నాకు పడలేదు.

"నీకొచ్చినట్టు కొట్టు," అన్నాడు శివకృష్ణ. "గా తావుల ఆయన చేతులు తీసేసి నా మొహం పెడ్తం."

అతని చేతులు పోతాయి, నా దరువు వినిపిస్తుంది. ఎనిమిదేళ్ళుగా నేను కోరుకున్నది అదే. అయినా అతనికి వచ్చిన దరువు నాకు ఎందుకు రావటం లేదన్న మంట ఆగలేదు. మరునాడు పొద్దున్నే కేతేపల్లి బస్సెక్కాను.

కాటమయ్య రేకుల కింద మంచంలో ఉన్నాడు.

"ఏందే రాంచంద్రన్న, నీ కుర్చీ నీకే వచ్చిందని చెప్పనీకి వచ్చినవా?"

"ఏడో పాటల దరువు రాదు నాకు. చెప్పు."

సగం మూతితో నవ్వాడు. "గా మాట ఇంకోపారి అను."

"రాదు నాకు."

"పెండ్లి బారాత్‌ల గుర్రం బెదిరితే కొట్టే దరువు గది. కాలేజీల చెప్పరు. ఎడమ చెయ్యే ముందు పడాలె."

ఎడమ చేత్తో నా మోకాలి మీద కొడుతూ, కుడి చేతి దెబ్బలు నోటితో పలికాడు. మధ్యాహ్నం దాకా విసుక్కోలేదు. లేవబోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"నా పెండ్లాం జంగమ్మకు చెప్పకు అన్నా. సప్పుడు గూడ నాదే అనుకుంటాంది. ఇగ నేను మళ్ళ కొట్టేది లేదని దానికి తెల్సు. గా సినిమా ఒక్కటే మిగిలింది."

స్టూడియోలో మూడోసారికి దరువు పడింది. శివకృష్ణ కాటమయ్య చేతులను తెర మీద అలాగే ఉంచాడు.

నల్లగొండలో సినిమా వేసిన రోజు జంగమ్మ నాకూ కాటమయ్యకూ మధ్య కూర్చుంది. ఏడో పాటలో ఆ చేతులు తెర నిండా వచ్చాయి. జనం లేచి ఈలలు వేశారు. కాటమయ్యా, కాటమయ్యా అని అరిచారు. అంత పెద్ద ఈలలు నా కోసం ఎన్నడూ పడలేదు.

జంగమ్మ నా వైపు తిరిగింది. కళ్ళు తుడుచుకోవటం కూడా మరిచిపోయింది.

"చూసినవా అన్నా, మా ఆయన చెయ్యి! ఎన్నడన్న నువ్వు గిట్ల కొట్టినవా?"

అవతల కాటమయ్య తెర వైపే చూస్తూ బిగుసుకుపోయాడు.

"లేదు చెల్లె," అన్నాను. "ఎన్నడూ కొట్టలే."