కిటికీ వైపు కుర్చీ

ఫిలిప్ గడ్డం సగం గీసుకుని ఆగాడు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద నురగ ఆరిపోతోంది. బ్లేడు పట్టుకున్న చెయ్యి బాగానే ఉంది. అద్దం పట్టుకున్న ఎడమ చెయ్యే భుజం నుంచి కిందికి నొప్పితో మొద్దుబారుతోంది. అద్దాన్ని గూట్లో ఆనించి, గోడకు చేరబడి, నొప్పి దిగేదాకా నిలబడ్డాడు. దిగింది. మిగతా సగం గీసుకున్నాడు.

వంటింట్లోంచి ఎలీసబెతు అడిగింది. "ఏమయ్యా, రాత్రంత ఎందుకు లేసి కూసున్నవ్?"

"ఉక్కపోతకు నిద్ర పట్టలే."

"ఫ్యాన్ తిరుగుతనే ఉండె గద."

"తిరిగితె తిరిగింది. గాలేడుంది?"

ఇంకా అడిగినా ఈ మనిషి నోట్లోంచి రెండో మాట రాదని ఆమెకు తెలుసు. లక్సెట్టిపేటలో కొత్త కోడలిగా అడుగుపెట్టినప్పుడే మామ చెప్పాడు, "వాని కడుపుల మాట వాని కడుపులనే ఉంటది బిడ్డా, నువ్వు ఫికర్ చెయ్యకు" అని.

ఆ మౌనమే ఫిలిప్‌కు బతుకుతెరువు అయింది. సైన్యంలో సిగ్నల్స్ హవల్దారు అతను. వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుని, చెవిన పడిన మాటను అధికారికి అందించి, అక్కడితో మరచిపోవడం ఉద్యోగం. పక్క మంచం మీద పడుకునేవాడికి కూడా చెప్పకూడదు. చెప్పలేదు. పింఛను తీసుకుని కరీంనగర్‌లో అద్దె ఇంటికి చేరాక ఆ చెవులకు పని లేకుండా పోయింది. వరండాలో కూర్చుని వచ్చే పోయే ఆటోలను చూసేవాడు. భోజనానికి పిలిస్తే వచ్చేవాడు, లేకపోతే లేదు. ఆ రోజులు తలుచుకుంటే ఎలీసబెతుకు ఇప్పటికీ గుబులే. మనిషి బతికి ఉన్నాడు, అంతవరకే.

అలాంటివాణ్ణి పట్టుకొచ్చి సైన్యం పూర్తిగా తలకిందుల పని అప్పజెప్పింది. నోరు మూసుకోవడంలో ఆరితేరినవాడు ఇప్పుడు నోరు విప్పడం నేర్పాలి. సైన్యమంటే బయటివాళ్లకు తుపాకులు కనిపిస్తాయి. లోపల చూస్తే అది ఒక గదిలో జరిగేది ఇంకో గదికి తెలియని పెద్ద ఇల్లు. మందులవాళ్లకు తెలిసింది బండ్లవాళ్లకు తెలియదు, ఇంజినీర్లకు తెలిసింది స్టోర్లకు తెలియదు, ఆ తెలియకపోవడంలో మనుషుల ప్రాణాలు పోతుంటాయి. పైవాళ్లకు ఎప్పటికో బుద్ధి పుట్టి, ఆ గదుల తలుపులు తెరిపించాలని చొప్పదండి రోడ్డు మీద ఒక పాత బడి భవనంలో శిక్షణ కేంద్రం పెట్టారు. సైన్యంలోని డాక్టర్లు, ఇంజినీర్లు, స్టోర్ల అధికారులు బ్యాచులుగా వచ్చి పోతుంటారు. వాళ్లకు ఫిలిప్ కాంట్రాక్టు బోధకుడు. నల్లబల్ల మీద రోజూ పొద్దున ఒకే ప్రశ్న రాసేవాడు: "ఈ సంగతి ఇంకెవరికి తెలియాలి?" ఆ ప్రశ్న రాయడం మొదలుపెట్టాకే అతను మళ్లీ మనిషయ్యాడు. ఇంట్లో నవ్వాడు, చర్చిలో పాడాడు.

ఏడాదికోసారి వైద్య పరీక్ష చేస్తారు. ఒళ్లు బాగుంటే కాంట్రాక్టు పొడిగిస్తారు, లేకపోతే శాలువా కప్పి పంపిస్తారు. ఆ పరీక్ష వచ్చే వారమే. అది గట్టెక్కితే ఆ తర్వాత ఏ డాక్టరుకైనా చూపించుకోవచ్చనుకున్నాడు. మళ్లీ ఆ వరండాలో కూర్చోవడం మాత్రం తన వల్ల కాదు.

కేంద్రం జీపు నడిపే ఇబ్రాహీం వచ్చి హారన్ కొట్టాడు. ఊరు దాటకముందే ఫిలిప్ జీపు ఆపమన్నాడు. దిగి, తుమ్మచెట్టు వెనక్కి పోయి, తాగిన చాయంతా కక్కుకుని వచ్చాడు. ముఖమంతా చెమట.

"క్యా భాయ్, తబియత్ మంచిగ లేదా?"

"గ్యాస్ పట్టింది. పోనియ్యి."

"బ్యాచ్‌ల డాక్టరమ్మ ఉన్నది గద, జర చూపియ్యరాదు?"

"గ్యాస్‌కు డాక్టరెందుకు? ఎవరికి చెప్పకు ఇబ్రాహీం, ఊకె పరేషాన్ అయితరు."

ఇబ్రాహీం మాట మీద నిలబడే మనిషి. చెప్పొద్దన్నాక చెప్పడు.

ఆ డాక్టరమ్మ పేరు యుమ్నా. సైన్యంలో కెప్టెన్. కరీంనగర్ పిల్లే. ఎక్కడో సరిహద్దులో పని చేస్తూ, శిక్షణ పేరుతో సొంతూరు వచ్చినందుకు సంబరంగా ఉంది. ఫిలిప్ గోడకు మ్యాపు తగిలిస్తూ ఎడమ చెయ్యి మోచేతి దాకా పిసుక్కోవడం ఆమె కంట పడింది.

"చెయ్యి నొస్తుందా సార్?"

"పాత దెబ్బ మేడం. మంచు మీద జారిపడ్డ ఎప్పుడో. అప్పుడప్పుడు గుంజుతది."

డాక్టరు ప్రశ్న ఇంకొకటి ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో మిగతావాళ్లు లోపలికి వచ్చారు.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేశాడు. కేంద్రం ఊడ్చి, చాయ్ కాచే పోశవ్వ చూసింది.

"బువ్వ ముట్టలేదేంది సారూ?"

"ఆకలైతలేదు. నువ్వు తీస్కపో."

కోడికూర వాసన వస్తోంది. పోశవ్వ డబ్బా కొంగు కింద పెట్టుకుంది.

భార్యకు నిద్ర, ఇబ్రాహీంకు వాంతి, డాక్టరుకు చెయ్యి, పోశవ్వకు అన్నం. ఎవరికీ పూర్తి సంగతి చిక్కకుండా తలా ఒక ముక్క ఇవ్వడం పాత ఉద్యోగం నేర్పిన పనితనం. దాన్ని ఇప్పుడు తన ప్రాణం మీదే వాడుకుంటున్నానని అతనికి తెలియకపోలేదు. తెలిసే చేశాడు.

మధ్యాహ్నం వంతెన ఆట. అది అతను కల్పించిందే. గది మధ్యలో నేల మీద నీలం గుడ్డ పరిచి వాగు అంటాడు. దాని మీద అట్ట వంతెన. ఇవతలి గట్టున కొండ మీది జవాన్లకు రేషను, మందులు మోసుకుపోయే బొమ్మ లారీలు. వంతెన బలం ఎంతో ఇంజినీర్ల బల్లకు మాత్రమే తెలుసు. లారీల బరువు బండ్ల బల్లకు, పైన కురుస్తున్న వాన వాతావరణం బల్లకు, మందులు ఆలస్యమైతే ఎవరు చస్తారో డాక్టర్ల బల్లకు. అన్నీ కలిపితే తప్ప లారీలు ఏ దారిన పోవాలో తేలదు. నిర్ణయం అయ్యాక గంట కొట్టాలి. అప్పుడు ఫిలిప్ లేచి లారీలు నడుపుతాడు. ఇంతవరకు ప్రతి బ్యాచూ లారీలను వాగులో ముంచింది. చదువుకున్నవాళ్లు, పెద్ద హోదాల వాళ్లు, ఎవరి బల్ల దగ్గర వాళ్లు కూర్చుని తమ ముక్కే పూర్తి సంగతి అనుకునేవాళ్లు.

ఒక కట్టడి ఉంది. ఆట నడుస్తున్నంతసేపు బోధకుణ్ణి పలకరించకూడదు. మొదట్లో అందరూ అతని ముఖం చూసి జవాబు పసిగట్టేవాళ్లు. అందుకని కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని, గదికి వీపు పెట్టి కూర్చునేవాడు.

ఆ రోజూ అలాగే కూర్చున్నాడు. కిటికీ బయట పక్కింటివాళ్లు చాప మీద మిరపకాయలు ఆరబోస్తున్నారు. వెనక చాలాసేపు కాగితాల చప్పుడే. తర్వాత ఒక కుర్చీ జరిగింది. ఎవరో లేచి పక్క బల్ల దగ్గరికి నడిచారు. "మీ బండి బరువెంత?" అని హిందీలో అడిగారు. ఇంకో గొంతు వానమాట ఎత్తింది. ఆ తర్వాత యుమ్నా గొంతు స్పష్టంగా వినిపించింది, "ఈ సంగతి ఇంకెవరికి తెలియాలి?"

ఫిలిప్‌కు సంతోషంతో ఒళ్లు వేడెక్కింది. ఇన్ని బ్యాచుల్లో ఆ ప్రశ్న ఒకరి నోటి నుంచి దానంతటదే రావడం ఇదే మొదలు.

అప్పుడే ఛాతీ మీద ఎవరో మోకాలు మోపి తొక్కినట్టయింది. గాలి అందలేదు. డాక్టరమ్మ నాలుగడుగుల దూరంలో ఉంది. ఒక్క మాట చాలు, చెయ్యి ఎత్తినా చాలు. కానీ తిరిగితే ఆట ఆగిపోతుంది, సంగతి బయటపడుతుంది, శాలువా కప్పుతారు. కాస్త ఓర్చుకుందాం, గంట కొట్టనీ అనుకున్నాడు. ఓర్చుకోవడం అతనికి కొత్త కాదు. మిరపకాయల ఎరుపు కాసేపు కళ్ల ముందు నిలిచి, మసకబారింది.

గంట మోగింది. అతనికి వినిపించలేదు.

ఫిలిప్ లేవలేదు. బల్లల దగ్గర ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. స్టోర్ల మేజరు గొంతు తగ్గించి, "ఏదో వదిలేశాం. మళ్లీ ఆలోచించమంటున్నారు" అన్నాడు. క్రమశిక్షణ గల మనుషులు. అందరూ తలలు దగ్గర పెట్టి బరువులు, వాన, వంతెన మొదటినుంచి లెక్క చూసుకున్నారు. వాళ్ల నిర్ణయం మొదటిసారే సరైనది. రెండోసారీ అదే వచ్చింది. మళ్లీ గంట కొట్టారు. కుర్చీ కదలలేదు.

కుర్చీ చేతి మీదినుంచి ఎడమ చెయ్యి జారి వేలాడుతోంది. యుమ్నా దాన్నే చూస్తోంది. కట్టడి గుర్తొచ్చి ఒక క్షణం ఆగింది. ఆ తర్వాత బల్లను తోసుకుంటూ పరుగెత్తింది.

నేల మీద పడుకోబెట్టి ఛాతీ ఒత్తింది. చొక్కా గుండీలు తెంపారు, బూట్లు లాగేశారు. ఊపిరి రాలేదు. వట్టి మేజోళ్ల కాళ్లతో అతన్ని నలుగురు మోసుకుపోయి జీపులో వేశారు. దారంతా యుమ్నా ఒత్తుతూనే ఉంది.

"పొద్దుగాల కక్కుకున్నడు మేడం" అన్నాడు ఇబ్రాహీం, రోడ్డు మీదినుంచి కళ్లు తిప్పకుండా. "గ్యాస్ అన్నడు. ఎవరికి చెప్పొద్దన్నడు."

"చెయ్యి గుంజుతుందని నాతోటి అన్నడు" అంది యుమ్నా. ఆమె చేతులు ఆగిపోయాయి. మళ్లీ ఒత్తింది, ఇక లాభం లేదని తెలిసి కూడా.

ఆసుపత్రి వరండాలోకి ఎలీసబెతు చెప్పులు లేకుండా వచ్చింది. "రాత్రంత కూసునే ఉండె" అంది, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ. "ఉక్కపోత అంటె నమ్మిన. నేను నమ్మిన."

కేంద్రంలో పోశవ్వ ఒక్కతే మిగిలింది. అన్నం సంగతి ఆమె దగ్గరే ఉండిపోయింది. ఎవరితో చెప్పాలో, చెబితే ఆ కూర తిన్నందుకు ఏమంటారో తెలియక ఏడుస్తూ గది ఊడ్చింది. లారీలు వాగులో పడకుండా ఇవతలి గట్టునే ఆగి ఉన్నాయి. వాటిని ఆమె కదపలేదు.

కిటికీ కింద ఆ తొందరలో ఎవరో విసిరేసిన బూటు ఒకటి పక్కకు ఒరిగి ఉంది. అరిగిన అడుగు కోసం లోపల కత్తిరించి పెట్టుకున్న అట్టముక్క సగం బయటికి వచ్చింది. దాని మీద చెమటకు నల్లబడిన అయిదు కాలివేళ్ల గుర్తులు ఇంకా తడి ఆరలేదు.