పది మాటలు

నాలుగు చెబితే చాలు, పదిలో నాలుగు చెప్పలేనా, పసిపిల్లలు కూడా చెబుతారు, డాక్టరమ్మ గదిలో ఈ దీపం ఎవరు పెట్టారో గాని కళ్ళలో కారం చల్లినట్టుంది, కాస్త ఆర్పమని అడగాలని ఉంది, అడిగితే వెలుతురు పడటం లేదని రాసుకుంటుంది, అందుకని అడగను, రెప్ప వెయ్యకుండా గోడమీది మోకాలి బొమ్మ చూస్తూ కూర్చున్నాను, ఎముక ఒక రంగు, నరం ఒక రంగు, మోకాలు పోతే అందరికీ కనిపిస్తుంది, కర్రలిస్తారు, తలుపు తీసి పట్టుకుంటారు, తల సంగతి అలా కాదు, అడిగి తెలుసుకోవాల్సిందే, అందుకే ఈ పరీక్ష, ఆవిడ పది మాటలు చదువుతుంది, కాసేపాగి నేను అప్పజెప్పాలి, అంకెలు చెబుతుంది, నేను వెనకనుంచి చెప్పాలి, తర్వాత ఈ కాగితాన్ని సీజన్‌కు ముందు రాయించిన కాగితం పక్కన పెట్టి చూస్తుంది, రెండూ ఒక్కలా ఉంటే తల బాగున్నట్టే, ఆదివారం ఆడొచ్చు, తగ్గితే ఇంట్లో కూర్చోవాలి, ఎన్ని వారాలో ఎవరూ చెప్పరు, కోచ్ మాత్రం చెప్పాడు, గోడా, మిగిలిన మూడు మ్యాచులూ నిలబడు, ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టిస్తా, నిలబడకపోతే నీ చోటికి కొత్తపిల్ల సిద్ధంగా ఉంది, గోల్ ముందు అడ్డంగా నిలబడతానని ఈ దేశంలో నన్ను గోడ అనే పిలుస్తారు, నా పేరుకి వాళ్ళ నోరు తిరగదు, ఇరవై తొమ్మిదేళ్ళ గోడకి ఇంకో జట్టు ఎక్కడ దొరుకుతుంది, సంతకం లేకపోతే వీసా లేదు, వీసా లేకపోతే ఇంటికే, అక్కడ ఆడవాళ్ళకి ఫుట్‌బాల్ ఉందిగాని బతుకు గడిచే జట్టు లేదు.

అయినా భయమెందుకు, ఆ మొదటి కాగితం అబద్ధం కదా, ఆ సంగతి నాకూ మా గోల్‌కీపర్ అక్కకీ తప్ప ఎవరికీ తెలియదు, ఇద్దరం ఉండేది ఒకే ఫ్లాట్‌లో, నేను వచ్చిన రెండో వారం వంటగదిలో కూర్చుని వేళ్ళకి టేపు చుట్టుకుంటూ చెప్పింది, పిచ్చిపిల్లా, రేపు పరీక్షలో నీ తెలివంతా ఒలకబొయ్యకు, మొద్దులా ఉండు, రేపు మొద్దువైతే దెబ్బ తగిలిన రోజు తెలివైనదానివవుతావు, కనిపెడితే ఎలా అక్కా అంటే, మనకి తెలివుందని అనుకున్నవాడెవడే కనిపెట్టడానికి, అంటూ పగలబడి నవ్వింది, ఏ భాషలో చెప్పిందోగాని నాకు మా పెద్దక్క గొంతే వినిపించింది, మర్నాడు ఇదే కుర్చీలో పదీ గుర్తుండగానే నాలుగు చెప్పి తల గోక్కున్నాను, అంకెలు కావాలని తారుమారు చేశాను, తిరుగుదారిలో బస్సులో పదీ గడగడ అప్పజెబితే అక్క నా వీపు చరిచి, దొంగా, అంది, కిటికీ, గొడుగు, పాలు, మేకు, ఇప్పటికీ ఒక్కటి పోలేదు, కాబట్టి ఇవాళ ఉన్నదున్నట్టు చేస్తే, దెబ్బకి రెండో మూడో పోయినా ఏడో ఎనిమిదో వస్తాయి, నాలుగు ఎక్కడికీ పోవు.

దెబ్బ తగిలి తొమ్మిది రోజులు, మూలనుంచి బంతి లేచింది, నేనూ లేచాను, అవతలి పొడుగుపిల్ల మోచెయ్యి కణతకి తగిలింది, కళ్ళు తెరిచేసరికి నోట్లో గడ్డి, ఫిజియో పరుగెత్తుకొచ్చి స్కోరెంత అంది, బోర్డు చూసి చెప్పాను, ఇంకో ఇరవై నిమిషాలు ఆడానట, ఆ ఇరవై నిమిషాలూ నా దగ్గర లేవు, బట్టలు మార్చుకునే గదిలో ఒకే కాలికి రెండు మేజోళ్ళూ తొడుక్కుంటుంటే అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, అమ్మకి ఫోన్ చేసి మేనకోడలికి ఏం పేరు పెట్టారని అడిగితే, నిన్నంతా అదే చెప్పుకున్నాం కదే, నువ్వే బాగుందన్నావు, మతిమరుపు రావలసింది నాకు కదా, అని నవ్వి, కాలు పెట్టుకుని ఆ బంతిని తలతో కొట్టడమేమిటే, తలేమన్నా రోకలా, అంది, అమ్మా తలనొప్పి ఏం లేదు అన్నాను, తలనొప్పి అని నేనెప్పుడన్నానే, అంది.

డాక్టరమ్మ చదువుతోంది, ఆవిడ భాషలో ఒక్కో మాటా పడుతుంటే నేను మన మాటల్లోకి మార్చుకుంటున్నాను, తాళం, నది, గుర్రం, దుప్పటి, అద్దం, నిమ్మకాయ, వంతెన, ఇంకా ఉన్నాయి, తాళం వేసి నది దాటి గుర్రమెక్కాను అని కథ కట్టుకుంటున్నాను, బడిలో ఇలాగే కట్టుకునేదాన్ని, ఎక్కాలు వెనకనుంచి చెప్పమని మాస్టారు బెత్తం పట్టుకుంటే నా తర్వాతే ఎవరైనా, పందొమ్మిదో ఎక్కం కూడా వెనక్కి చెప్పాను, ఇప్పుడు అంకెలు, నాలుగు తొమ్మిది మూడు ఏడు, వెనకనుంచి చెప్పు, ఏడు, ఏడు మూడు, ఆ తర్వాతిది నీళ్ళలో జారిన సబ్బులా దొరకడం లేదు, నాలుగు అన్నాను, ఆవిడ కలం కదిలింది, ముఖం మాత్రం కదల్లేదు, సరే ఇందాకటి మాటలు చెప్పమ్మా, నది, గుర్రం, తాళం, వంతెన, తొందర లేదు ఆలోచించుకో అంటోంది, బల్ల కింద వేళ్ళు మడుస్తున్నాను, నాలుగు వేళ్ళు మడిచాను, ఇంకా ఉన్నాయని తెలుసు, తలుపవతల మనుషులు నిలబడ్డట్టు తెలుస్తోందిగాని తలుపు రావడం లేదు, కిటికీ అన్నాను, కిటికీ ఇందులో లేదమ్మా అంది, అవును, అది అప్పటిది, బొటనవేలు నిటారుగా ఉండిపోయింది, పరీక్షకి నాలుగు చాలు, నాకోసం ఒక్కటి, ఇంకొక్కటి వస్తే బాగుండు.

డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి వేలితో గీత గీసినట్టు చూసింది, అప్పుడూ నాలుగు, ఇప్పుడూ నాలుగు, అంకెల్లో కూడా అక్కడే తడబడ్డావు, అచ్చం నీలాగే ఉన్నావు, హాయిగా ఆడుకో, అంటూ సంతకం చేసి కాగితం నా వైపు జరిపింది, తలుపు అద్దంలోంచి గోల్‌కీపర్ అక్క కనుబొమలెగరేసి ఏమైందని అడుగుతోంది, నేను తలూపితే చాలు, ఎగిరి గంతేస్తుంది, ఇంకేమైనా చెప్పాలా తల్లీ అంది డాక్టరమ్మ, వెళ్ళొచ్చని దాని అర్థం, కుర్చీలోంచి లేవలేదు, ఆవిడ ఇంకో పేరు పిలవబోయి ఆగి నా వంక చూస్తోంది, నోరు తెరిస్తే సంతకం పోతుంది, జట్టు పోతుంది, తెరవకపోతే ఆదివారం బంతి మళ్ళీ గాలిలోకి లేస్తుంది, ఆ రోజు పదీ నా దగ్గర ఉంటే ఆరు దాచుకుని నాలుగిచ్చాను, ఇవాళ నేనేమీ దాచలేదు.